హీరో లేని గేమ్‌కి హీరోయిన్ ఎలా వచ్చింది?

‘స్టేట్ ఆఫ్ డికే’ అనే వీడియో గేమ్ సిరీస్‌లో హీరో అంటూ ఎవరూ ఉండరు. జాంబీలు ఊళ్లకు ఊళ్లు తినేశాక మిగిలిన నలుగురైదుగురిలో ఆటగాడు ఈ పూట ఒకరిగా ఆడతాడు, ఆ మనిషి అలసిపోతే ఇంకొకరిగా ఆడతాడు. ఎవరైనా చావచ్చు. చచ్చినవాళ్లు మళ్లీ లేవరు. ముందు దాచిపెట్టుకున్న ఆట (సేవ్) తెరిచి బతికించుకుందామన్నా కుదరదు. అలాంటి సిరీస్‌లో మూడో గేమ్ కోసం కాచుకుని ఉన్నవాళ్లు మాత్రం 2020 నుంచి ఒకే ఒక్క అమ్మాయి గురించి మాట్లాడుకుంటున్నారు.

ఆమె కనిపించింది 2020 జులై 23న, మైక్రోసాఫ్ట్ పెట్టిన ఎక్స్‌బాక్స్ ప్రదర్శనలో. మన గడియారంలో రాత్రి తొమ్మిదిన్నర. కోవిడ్ వల్ల కాలేజీలు మూతపడి ఉన్న రోజులు. విశాఖలో గాజువాక నుంచి మధురవాడ దాకా గేమ్‌ల పిచ్చి ఉన్న కుర్రాళ్లంతా ఇళ్లలోనే, ఫోన్లకి అతుక్కుపోయి ఉన్నారు. ట్రైలర్‌లో మంచు కురిసిన అడవి, ఒంటరిగా ఒక యువతి, చేతిలో క్రాస్‌బో, అంటే మీట నొక్కితే బాణం వదిలే విల్లు. చీకట్లో ఏదో అలికిడి. వెళ్లి చూస్తే ఒక జింక తోడేలును పీక్కు తింటోంది. జింకకి జాంబీ రోగం పట్టిందన్నమాట. అంతే, టైటిల్ పడింది. ఆ అమ్మాయి పేరు చెప్పలేదు. అందులో ఆట ముక్క ఒక్కటీ లేదు, మొత్తం కంప్యూటర్‌తో చేసిన యానిమేషన్. గేమ్ అప్పటికి ప్రీ-ప్రొడక్షన్‌లోనే, అంటే అసలు తయారీకి ముందు ఆలోచనల దశలోనే ఉంది. రెండో ట్రైలర్ రావడానికి నాలుగేళ్లు పట్టింది, 2024 జూన్ దాకా.

ఆ నాలుగేళ్లలో జరిగింది గేమ్‌ల వ్యాపారానికి కొత్తేమీ కాదు. అయినా ఇక్కడ విడ్డూరం ఏమిటంటే, సిరీస్ స్వభావానికి పూర్తిగా ఎదురు తిరిగిన ఒక బొమ్మ అభిమానుల మనసులో పాతుకుపోయింది. ఎందుకలా అన్నది తేల్చాలంటే ముందు సిరీస్ ఎలా పనిచేస్తుందో చూడాలి.

మొదటి ‘స్టేట్ ఆఫ్ డికే’ 2013 జూన్‌లో వచ్చింది. సియాటిల్‌లోని అన్‌డెడ్ ల్యాబ్స్ తయారుచేసింది. సరిగ్గా అదే నెలలో ‘ది లాస్ట్ ఆఫ్ అస్’ కూడా వచ్చింది. ప్రళయం తర్వాతి లోకం మీద నెల తిరక్కుండా వచ్చిన ఈ రెండు గేమ్‌లు రెండు వేరు దారులు పట్టాయి. ‘ది లాస్ట్ ఆఫ్ అస్’లో జోయెల్ అనే నడివయసు మనిషి, అతని వెంట నడిచే ఎల్లీ అనే అమ్మాయి లేకపోతే గేమే లేదు. ‘స్టేట్ ఆఫ్ డికే’ మార్కస్ అనే అతనితో మొదలవుతుంది కానీ, మార్కస్ మధ్యలో చచ్చిపోయినా గేమ్ ఆగదు, మిగిలినవాళ్లతో నడుస్తూనే ఉంటుంది. 2018 మే నెలలో వచ్చిన రెండో గేమ్ ఇంకో అడుగు ముందుకేసింది. అందులో మనుషుల్ని కంప్యూటరే పుట్టిస్తుంది. ఒకడికి బండి రిపేరు వచ్చు, ఒకావిడకి వైద్యం వచ్చు, ఒకడికి నోటిదురుసు. ఆహారం, మందులు, తూటాలు, ఇంధనం, కట్టుబడి సామాను అనే ఐదు సరుకుల కోసం రోజూ బయటికి వెళ్లి తెచ్చుకోవాలి. మనుషులు వేసుకునేవి మామూలు టీషర్టులు, టోపీలు, పనిబట్టలు. ఎవరి ముఖమూ పోస్టర్ మీద వేసేంత ముఖం కాదు. పది గంటలు మీ ఆటలో బతికి, మీ పొరపాటు వల్ల చచ్చిన ఆ నోటిదురుసు మనిషి మీద మమకారం పెరగడమే ఈ గేమ్‌లోని మజా.

ఈ మజాని ట్రైలర్‌లో చూపించడం దాదాపు అసాధ్యం. పది గంటల సావాసం రెండు నిమిషాల్లో ఇమడదు. ఒక మనిషి మాత్రం ఇముడుతుంది. చలి, ఒంటరితనం, చేతిలో ఆయుధం, ఎదురుగా భయం ఉంటే చాలు. గేమ్ ఏమిటో చూపించలేనప్పుడు కంపెనీలు మనిషిని చూపిస్తాయి. చూసేవాడికి కూడా ఏళ్ల తరబడి తలుచుకోవడానికి ఒక ముఖం కావాలి. కొట్టంలో సరుకు లెక్కలు ఎంత బాగున్నా వాటి బొమ్మ గీసి గోడకి అంటించుకునేవాడు ఉండడు.

ఇక్కడే క్యారెక్టర్ డిజైన్ విషయం వస్తుంది. మామూలు గేమ్‌లో హీరో బట్టలు అతని స్టైల్ చెబుతాయి. ప్రళయం తర్వాతి గేమ్‌లో అవి కరువు లెక్క చెబుతాయి. ఏది అయిపోయింది, ఏది ఇంకా దొరుకుతోంది, దేన్ని బాగుచేసుకోవడం ఈ మనిషికి వచ్చు అన్న మూడు ప్రశ్నలకి ఒంటి మీద జవాబు ఉండాలి. ఉంటే డిజైన్ బాగున్నట్టు. లేకపోతే అది ఫ్యాన్సీ డ్రెస్ పోటీ.

ఆ అమ్మాయి చేతిలో క్రాస్‌బోనే తీసుకోండి. తూటా ఒకసారి పేలిస్తే పోయింది. బాణం గుచ్చుకున్న చోట నుంచి పీక్కుని మళ్లీ వాడుకోవచ్చు. ఈ సిరీస్ ఆడినవాళ్లకి ఇంకో సంగతి కూడా తెలుసు. తుపాకీ చప్పుడికి జాంబీలు మూగుతాయి, బాణం చప్పుడు చేయదు. కాబట్టి ఆ ఒక్క ఆయుధం చూసి ‘తూటాల కరువు ఇంకా ముదిరింది’ అని లెక్క కట్టేశారు. మంచు చూసి చలికాలం కష్టాలు ఉంటాయన్నారు. ఊళ్లు కాకుండా అడవి కనపడింది కాబట్టి వేట ఉంటుందన్నారు. జింక సంగతి సరేసరి, జంతువులకి కూడా రోగం పాకుతుందని తేల్చేశారు. ఈ లెక్కలన్నీ తర్కానికి నిలిచేవే. ఇబ్బందల్లా ఒక్కటే, ట్రైలర్ చేసినవాళ్లు అంత లెక్క వేసి చేశారన్న హామీ ఎక్కడా లేదు. ప్రీ-ప్రొడక్షన్‌లో ఉన్న గేమ్‌కి ఆయుధాల పట్టికే తేలి ఉండకపోవచ్చు.

అయినా అభిమానుల్ని తప్పుపట్టలేం. ఇలా ఒక్కో వస్తువునీ చదవడం వాళ్లకి నేర్పింది మంచి గేమ్‌లే. జోయెల్ చేతికి పగిలిన వాచీ ఉంటుంది. లోకం కూలిన రాత్రి కూతురు పుట్టినరోజు కానుకగా ఇచ్చింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా తీయడు. టైమ్ చెప్పని ఆ వాచీ మీద గేమ్ ఉపన్యాసాలు దంచదు. ‘మెట్రో’ సిరీస్‌లో ఇంకో వాచీ ఉంది. మాస్కో మెట్రో సొరంగాల్లో బతికే ఆర్త్యోమ్ చేతికి అది ఉంటుంది. గ్యాస్ మాస్కు ఫిల్టర్ ఇంకెంత సేపు పనిచేస్తుందో చూపిస్తుంది. అక్కడ పాతకాలపు మిలిటరీ తూటాలే డబ్బు. పేల్చిన ప్రతిసారీ జేబుకి చిల్లు పడుతుంది. ‘ఫాల్అవుట్’లో భూగర్భ ఆశ్రయం నుంచి బయటికొచ్చినవాడి నీలం సూటు చూడగానే వీడు ఇన్నాళ్లూ లోపల భద్రంగా ఉన్నవాడని తెలిసిపోతుంది. బయట చింకిపాతల్లో తిరిగేవాళ్లకి వాడి మీద ఎందుకు ఒళ్లుమంటో చెప్పక్కర్లేదు.

డిజైనర్లకి బాగా తెలిసి, పోస్టర్లు చూసేవాళ్లు పట్టించుకోని సంగతి ఇంకొకటి ఉంది. థర్డ్ పర్సన్ గేమ్‌లో, అంటే హీరోని వెనక నుంచి చూపించే గేమ్‌లో, ఆటగాడు గంటల తరబడి చూసేది హీరో వీపుని. ముఖం మధ్యమధ్యలో కథ చెప్పే సినిమా ముక్కల్లోనే కనిపిస్తుంది. అందుకే బ్యాక్‌ప్యాక్ మీద అంత పని చేస్తారు. దాని పట్టీలు ఎక్కడ చినిగాయి, దేనితో కుట్టారు, పక్కన ఏం వేలాడుతోంది అన్నవి చూస్తారు. 2019లో వచ్చిన ‘డెత్ స్ట్రాండింగ్’ ఈ సంగతినే ఆటగా మార్చేసింది. వీపున పెట్టెలు ఎంత ఎత్తు పేర్చుకుంటే అందులోని హీరో సామ్ అంతగా తూలుతాడు, తూలితే సర్దుకుంటూ నడవాలి. మరోవైపు ‘మెట్రో’ లాంటి, హీరో కళ్లతోనే లోకాన్ని చూసే ఫస్ట్ పర్సన్ గేమ్‌లో మనిషంటే రెండు చేతులే. మాస్కు అద్దం మీద పడ్డ బురదని చేత్తో తుడుచుకునే ఆ ఒక్క కదలికలో ఆర్త్యోమ్ మొత్తం ఉంటాడు.

డిజైన్‌ని సరుకుల లెక్కగా చదవనివాళ్లు ఎలా బోల్తా పడతారో అబ్బీ ఉదంతం చెబుతుంది. 2017 అక్టోబర్‌లో పారిస్ గేమ్స్ వీక్‌లో ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2’ ట్రైలర్ ఒకటి వచ్చింది. వానలో, అడవిలో, ఉరితాడు మెడకి బిగించిన ఒక కండల మనిషి, ఆడమనిషి. పేరు చెప్పలేదు. ఇది ఎల్లీ తల్లి అయి ఉంటుందని బోలెడుమంది అనుకున్నారు. కథలు అల్లారు, కాలం లెక్కలు వేశారు. 2020 జూన్‌లో గేమ్ వచ్చాక తేలింది, ఆమె అబ్బీ అని, ఆటలో సగం ఆమెదేనని, పైగా జోయెల్‌ని చంపేది ఆమేనని. జనం భగ్గుమన్నారు. ఆ పాత్రకి గొంతిచ్చిన నటి లారా బెయిలీకి చంపేస్తామని బెదిరింపులు వచ్చాయి. అదే పాత్రకి ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఆమెకి ఉత్తమ నటన బహుమతి కూడా వచ్చింది.

కథ మీద కోపం సంగతి అలా ఉంచితే, డిజైన్ మీద వచ్చిన విమర్శ ఒక్కటే: తిండి దొరకని లోకంలో ఆ కండలు ఎలా వస్తాయి? ప్రశ్న మంచిదే. జవాబు గేమ్‌లోనే ఉంది. అబ్బీ ఉండే దండు సియాటిల్‌లో ఒక పెద్ద స్టేడియంలో కాపురం పెట్టింది. లోపల పంటలు, పశువులు, భోజనశాల, వ్యాయామశాల. ఆ కండలు ఆమె ఒక్కదానివి కావు, ఆ స్టేడియం తిండిగింజలవి. చివర్లో బందీగా చిక్కి నెలల తరబడి తిండి లేక మాడిన అబ్బీని చూపిస్తారు. కండలన్నీ కరిగిపోయి, జుట్టు కత్తిరించేసి, గుర్తుపట్టలేనట్టు ఉంటుంది. ప్రళయం తర్వాతి గేమ్‌లలో ఇంత నిజాయతీగా లెక్క అప్పజెప్పిన శరీరం ఇంకొకటి చూపించడం కష్టం. అరిచినవాళ్లలో చాలామంది ఆ స్టేడియం దాకా ఆడారా అన్నది అనుమానమే.

విశాఖ వాళ్లు ఈ గేమ్‌లని చూసే కంటికి ఒక సౌలభ్యం ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఈ ఊరి మీదే తీరం దాటింది. గంటకి 180 కిలోమీటర్లు మించిన గాలి. కైలాసగిరి మీద చెట్లు నేలకూలాయి, విమానాశ్రయం దెబ్బతింది, కరెంటు రోజుల తరబడి లేదు, సెల్ టవర్లు పడిపోయి ఫోన్లు మూగబోయాయి. ఇవాళ గేమ్‌లు ఆడుతున్న పాతికేళ్ల కుర్రాళ్లు అప్పుడు హైస్కూల్ పిల్లలు. పాల కోసం, నీళ్ల ట్యాంకర్ కోసం, పెట్రోలు కోసం పెద్దవాళ్లతో పాటు లైన్లలో నిలబడ్డవాళ్లు.

ఆ రోజుల్లో జనం ఎలా ఉన్నారో గుర్తు చేసుకుంటే గేమ్‌ల డిజైన్‌లో ఏది నిజం, ఏది వేషం అన్నది తేలిగ్గా పట్టుకోవచ్చు. ఒంటి మీద బట్టలు మారలేదు. లుంగీ లుంగీయే, నైటీ నైటీయే. మారింది చేతిలో ఉన్న వస్తువు. బిందె, ప్లాస్టిక్ క్యాను, కొవ్వొత్తుల కట్ట, రోడ్డుకి అడ్డం పడ్డ చెట్టు నరకడానికి గొడ్డలి, జనరేటర్ ఉన్న ఇంటి ముందు పట్టుకుని నిలబడ్డ చార్జర్. లోకం తలకిందులైతే ముందు చేతులు మారతాయి, బట్టలు మారడానికి ఏళ్లు పడుతుంది. ఈ కొలతతో చూస్తే మొదటి వారంలోనే తోలు జాకెట్లు, ఇనప మేకుల భుజకవచాలు తొడిగేసే గేమ్‌లు అబద్ధాలు. టీషర్టులో తిరుగుతూ వీపున ఒక గోనె సంచి మోసే ‘స్టేట్ ఆఫ్ డికే 2’ మనుషులు నిజానికి చాలా దగ్గర. ఆకర్షణ లేదని తీసిపారేసిన ఆ డిజైన్‌కి ఇంతకంటే మంచి సర్టిఫికెట్ అక్కర్లేదు.

వాతావరణం ఇంకో ముక్క. ఈ గేమ్‌లు చాలావరకు చలిదేశాల వాళ్లు చేసినవి, చలిదేశాల్లో నడిచేవి. అందుకే పొరలు పొరలుగా కోట్లు, మఫ్లర్లు, బూట్లు, తోలు చేతితొడుగులు. డిజైనర్‌కి అది వరం. పొర పెరిగేకొద్దీ కథ చెప్పే చోటు పెరుగుతుంది. మే నెల విశాఖలో ఆ వేషం వేసుకున్నవాడు జాంబీ అక్కర్లేకుండానే జగదాంబ జంక్షన్ దాటేలోపు పడిపోతాడు. ఇక్కడ చెమట, ఉప్పుగాలి, ఉక్కపోత. సముద్రం ఒడ్డున ఇనుము ఊరికే తుప్పు పట్టేస్తుంది. తుపాకీ, బండి, తలుపు గొళ్లెం ఏదీ నిలవదు. నిలిచేది ప్లాస్టిక్, నైలాన్, థర్మోకోల్. ఈ ఊరి మీద ఎవరైనా ఇలాంటి గేమ్ చేస్తే అందులో మనిషి వీపున తోలు బ్యాగు బదులు చేపల థర్మోకోల్ పెట్టె ఉండాలి. నడుముకి నైలాన్ వల ముక్క, తలకి తువ్వాలు, ఎండకి పరదా పట్టా కప్పిన గూడు ఉండాలి. అన్నిటికంటే విలువైన మనిషి తుపాకీ పేల్చేవాడు కాదు, ఫిషింగ్ హార్బర్‌లో వల అల్లడం, పడవ ఇంజిను విప్పి బిగించడం వచ్చినవాడు. స్టీల్ ప్లాంట్ ఉన్న ఊరు కాబట్టి ఇనుముకి కరువు లేదనుకోవచ్చు కానీ, కొలిమి ఆరిపోయాక ఆ ఇనుము కరిగించేదెవరు? ఒక్క ఊరి డిజైన్ ఆలోచిస్తేనే ఇన్ని ప్రశ్నలు లేస్తున్నాయి. మంచు అడవిలో ఆ అమ్మాయి కోటు వెనక కూడా ఇన్ని ప్రశ్నలకి జవాబు ఉండాలి కదా.

ఎదురుచూపులు ముదిరితే ఏమవుతుందో చెప్పడానికి ఈ రకం గేమ్‌లలోనే మంచీ చెడూ రెండూ దొరుకుతాయి. 2011 ఫిబ్రవరిలో వచ్చిన ‘డెడ్ ఐలాండ్’ ట్రైలర్‌లో ఒక చిన్నపిల్ల హోటల్ కిటికీలోంచి పడిపోవడాన్ని కాలం వెనక్కి తిప్పి చూపించారు. గుండె పిండేసింది. ఆ సెప్టెంబర్‌లో గేమ్ వస్తే, అది తెడ్లు, కత్తులు పట్టుకుని జాంబీల్ని నరికే నలుగురి గోల. ఆటగా బాగానే ఉంది, కానీ ట్రైలర్ రేపిన దుఃఖానికి అందులో చోటు లేదు. రెండో భాగాన్ని 2014లో ప్రకటించారు. స్టూడియో తర్వాత స్టూడియో చేతులు మారి 2023 ఏప్రిల్‌లో వచ్చింది. ‘ది డే బిఫోర్’ ఇంకా ఘోరం. 2021లో ప్రకటించి, కంప్యూటర్ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో జనం ఎక్కువగా కోరుకునే గేమ్‌లలో ఒకటిగా నిలబెట్టి, 2023 డిసెంబర్ 7న విడుదల చేశారు. నాలుగు రోజులకే స్టూడియో మూసేస్తున్నామన్నారు. ఆ గేమ్ ట్రైలర్లు ఇప్పుడు చూస్తే ఒకటి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అన్నీ ఉన్నాయి, ఖాళీ నగరం, వీపున సంచి, చేతిలో తుపాకీ. గుర్తుండే మనిషి మాత్రం ఒక్కరు లేరు. సంచిలో ఏముందో ఆ సంచి మోసేవాడికే తెలియదన్నట్టు ఉంటాయి.

‘డెడ్ ఐలాండ్’ మొదటి గేమ్ చేసిన పోలండ్ స్టూడియో టెక్‌ల్యాండ్‌దే మంచి ఉదాహరణ కూడా. 2015లో వాళ్ల ‘డయింగ్ లైట్’లో కైల్ క్రేన్ హీరో. 2022లో రెండో గేమ్‌కి హీరోని మార్చేశారు. జనం ఆడారు కానీ క్రేన్ ఏడీ అని అడుగుతూనే ఉన్నారు. 2025 సెప్టెంబర్‌లో ‘డయింగ్ లైట్: ది బీస్ట్’లో క్రేన్‌ని తిరిగి తెచ్చారు. పాత క్రేన్‌నే దులిపి తేలేదు. పదమూడేళ్లు బందీగా ఉంచి ప్రయోగాలు చేస్తే సగం మృగంగా మారిన మనిషిని తెచ్చారు. అభిమాని అడిగిన మనిషిని ఇస్తూనే, మధ్యలో గడిచిన కాలాన్ని అతని ఒంటి మీద రాశారు. అడిగింది అడిగినట్టు ఇవ్వడం కంటే ఇది కష్టం, గౌరవం కూడా.

మళ్లీ ‘స్టేట్ ఆఫ్ డికే 3’ దగ్గరికి వస్తే, 2024 జూన్ 9న, ఆదివారం రాత్రి పదిన్నరకి మొదలైన ప్రదర్శనలో రెండో ట్రైలర్ వచ్చింది. ఈసారి ఒంటరి మనిషి కాదు. కొంతమంది కలిసి పోరాడుతున్నారు, బండ్లు ఉన్నాయి, పేలుళ్లు ఉన్నాయి. అంటే సిరీస్ తన అసలు గుంపు దగ్గరికి తిరిగొచ్చింది. అభిమానుల్లో ఒక వర్గం హమ్మయ్య అనుకుంది. ఇంకో వర్గం మాత్రం ‘ఆ క్రాస్‌బో అమ్మాయేది మావా?’ దగ్గరే ఆగిపోయింది.

స్టూడియో ముందు రెండు దారులున్నాయి. ఆమెని వదిలేయవచ్చు, అప్పుడు ఏళ్ల తరబడి పెంచిన ఆశ మీద నీళ్లు పోసినట్టవుతుంది. లేదా ఆమెకి పేరు పెట్టి గేమ్‌లో నిలబెట్టవచ్చు. రెండోది తేలికగా కనిపిస్తుంది కానీ అందులోనే మెలిక ఉంది. పోస్టర్ మీద ముఖాన్ని చంపడానికి ఏ కంపెనీకీ చెయ్యాడదు. కథలో ఆమె అవసరం ఉందని చెప్పి చావు లేకుండా చేస్తే, ఎవరైనా చావచ్చన్న సిరీస్ ప్రాణమే పోతుంది. ఆమె పక్కన నిలబడ్డ బండి రిపేరువాడు, వైద్యురాలు ఒక్కసారిగా రెండో రకం మనుషులైపోతారు. కాబట్టి ఆమె గేమ్‌లో ఉంటే మిగతావాళ్లలాగే ఉండాలి. ఒక ఆటగాడి దగ్గర ముసలిదయ్యేదాకా బతకాలి, ఇంకొకడి దగ్గర మొదటి రాత్రే బాణాలు అయిపోయి చావాలి. ఆమె క్రాస్‌బోని మర్నాడు పొద్దున ఆ నోటిదురుసు మనిషి భుజాన తగిలించుకుని సరుకులకి వెళ్లగలగాలి.